నేల మీద అరగంట



మాది మానవపాడు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డ ఊరు. మా స్టేషన్లో ప్యాసింజరు రైలు ఆగేది నిమిషమో, రెండు నిమిషాలో. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు, గార్డు పచ్చజెండా ఊపుతాడు, అంతే. గద్వాల డిపోలో బస్సుకు ఇంతకన్నా ఎక్కువ మర్యాదే జరుగుతుంది. తెల్లారకముందే డీజిలు పోస్తారు, అద్దాలకు నీళ్లు కొడతారు, మెకానిక్ ఇనుపరాడ్డు పట్టుకుని టైరు టైరునూ కొట్టుకుంటూ పోతాడు. చప్పుడును బట్టి గాలి ఉందో లేదో చెప్పేస్తాడు. ఈ చప్పుడు చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ని కాబట్టి, విమానం టైర్లను కూడా ఎవరో ఒకరు ఇలాగే కొట్టి చూస్తారనుకునేవాణ్ని.

కొట్టరు. కానీ చూస్తారు. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, అంత తక్కువ సమయంలో ఎలా చూస్తారు అన్నదే ఈ పూట నేను చెప్పబోయేది.

విశాఖపట్నంలో ఒక పెళ్లికి పోవలసి వచ్చి, అర్ధరాత్రి కారులో బయల్దేరాం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాం, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయం చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. 2008 మార్చి 23న ఆ విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచి మా వైపు వాళ్లకు ఒక సుఖం దొరికింది. బేగంపేట పాత విమానాశ్రయం దాకా పట్నం నడిబొడ్డు తొక్కే పని లేదు, 44వ నంబరు హైవే నుంచి పక్కకు తిరిగితే చాలు. లోపలికి పోయి, గేటు దగ్గర గాజుగోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా విమానం ఆగే చోటు ఖాళీగా ఉంది. దాన్ని వాళ్లు 'బే' అంటారు. మా మండలం పిల్లవాడొకడు అక్కడే లోడరుగా పనిచేస్తాడు. వరసకు నాకు అన్న కొడుకవుతాడు. గాజుగోడ అవతల నేను చూసినదానికి అర్థం చెప్పింది వాడే, తర్వాత ఊరికి వచ్చినప్పుడు.

ముందు వచ్చేది విమానం కాదు, మనుషులు. విమానం దిగకముందే ఏడెనిమిది మంది ఆకుపచ్చ, నారింజ రంగు జాకెట్లలో వచ్చి బే చుట్టూ నిలబడ్డారు. ఒకాయన తల వంచి నేల వెతుకుతూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఏదో పోగొట్టుకున్నాడేమో అనుకున్నాను. పోగొట్టుకోలేదు. బోల్టు ముక్క, సూట్‌కేసు చక్రం, ప్లాస్టిక్ సంచి, ఏది పడి ఉన్నా ఏరేయాలి. ఇంజిన్ దేన్నైనా లాగేసుకుంటుంది. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ కూలి 113 మంది చనిపోయిన ప్రమాదం, రన్‌వే మీద పడి ఉన్న ఒక లోహపు పట్టీతో మొదలైంది. అంతకుముందు లేచిన మరో విమానం నుంచి ఊడిపడ్డ పట్టీ అది. మన కల్లంలో రాళ్లు ఏరినట్టు వీళ్లు రోజుకు ఎన్నోసార్లు ఆ సిమెంటు నేలను ఏరుతూనే ఉంటారు.

విమానం వచ్చింది. ముక్కు గీత మీదికి వచ్చి ఆగింది. ఇంజిన్ల చప్పుడు సన్నగిల్లింది. ఒక్కరూ కదల్లేదు. నాకు ఆశ్చర్యమేసింది, ఇంత హడావుడిగా వచ్చి ఎందుకు నిలబడి చూస్తున్నారని. విమానం వీపు మీద, పొట్ట కింద ఎర్రదీపాలు టక్కు టక్కుమని వెలిగి ఆరుతుంటాయి. ఆ దీపం పూర్తిగా ఆరితేనే ఇంజిన్లు ఆగినట్టు లెక్క. మావాడు చెప్పిన మాట మావాడి భాషలోనే చెప్తాను: "లైటు ఆరేదాంక అడుగు ముందుకు పడగూడదు చిన్నాయనా. ఎంత తొందరున్నా ఉరకగూడదు. ఉరికినోనికి మెమో ఇస్తరు." తిరిగే ఇంజిన్ ముందు మనిషి గాలివానలో ఎండుటాకు. 2015 డిసెంబరులో ముంబైలో విమానాన్ని వెనక్కి నెట్టే సమయంలో ఒక టెక్నీషియన్ అలాగే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఉరకగూడదు అన్న ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఎందుకంటే అక్కడ తొందర మామూలుది కాదు. విమానం నేల మీద ఉన్నంతసేపూ ఖర్చే, గాలిలో ఉంటేనే సంపాదన. ఆగిన చోటుకు అద్దె, అప్పు మీద వడ్డీ, సిబ్బందికి జీతం. అమెరికాలో సౌత్‌వెస్ట్ అనే సంస్థ 1972లో డబ్బుకు ఇబ్బందై, ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకుంది. సర్వీసులు మాత్రం తగ్గించదలచుకోలేదు. మూడింటితోనే నాలుగింటి పని చేయాలంటే దారి ఒకటే, నేల మీద ఉండే సమయాన్ని కోసేయాలి. పది నిమిషాల్లో దించి, ఎక్కించి, పంపేయడం మొదలుపెట్టారు. చవక విమానయానం అని ఈనాడు మనం అంటున్నదానికి పునాదుల్లో ఒకటి ఆ పది నిమిషాలు. ఇప్పుడు మన దగ్గర ఎయిర్‌బస్ 320 లాంటి విమానానికి అరగంట, కాస్త అటూ ఇటూ. అమెరికా పోయే పెద్ద విమానానికి గంటన్నర, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. వచ్చిన విమానాన్ని తిరిగి పంపే ఈ పని మొత్తాన్ని 'టర్న్‌అరౌండ్' అంటారు.

దీపం ఆరింది. ఒకాయన పోయి చక్రాలకు ముందూ వెనకా ముక్కోణపు దిమ్మెలు పెట్టాడు. వాటిని 'చాక్స్' అంటారు. ఘాట్‌లో లారీ ఆపినప్పుడు క్లీనరు దిగి టైరు కింద రాయి పెడతాడు చూడండి, అదే విద్య. రెక్కల కొసల కింద, ఇంజిన్ల ముందు ఎర్రటి కోన్‌లు నిలబెట్టారు, బండ్లు వచ్చి తగలకుండా. ఇంకొకాయన ముక్కు కింద లావుపాటి కేబులు తగిలించాడు. అది కరెంటు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. విమానానిది 115 వోల్టులు, 400 హెర్ట్జ్. ఎందుకింత తేడా అంటే, హెర్ట్జ్ పెరిగేకొద్దీ మోటార్లను, ట్రాన్స్‌ఫార్మర్లను చిన్నవిగా, తేలిగ్గా చేసుకోవచ్చు. ఎగిరేదానికి ప్రతి కిలో లెక్కే మరి. తోకలో ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది, దాన్ని తిప్పినా లోపల దీపాలూ ఏసీ నడుస్తాయి. కానీ అది ఇంధనం తాగుతుంది. కేబులు కరెంటు చవక.

ఇక అక్కడి నుంచి అన్నీ ఒకేసారి. ఒకటి అయ్యాక ఇంకొకటి అంటే అరగంట చాలదు. జనం ఎడమవైపు తలుపు నుంచి దిగుతుంటే, కుడివైపు పొట్ట తలుపులు తెరిచి సామాను దింపుతుంటారు. అటువైపే భోజనాల లారీ వచ్చి, దాని పెట్టె మొత్తం కత్తెర కాళ్ల మీద పైకి లేచి వెనక తలుపుకు ఆనుకుంటుంది. ఎడమవైపు జనం, కుడివైపు సరుకు. ఓడల కాలం నాటి అలవాటంటారు. మనవాళ్లు ఎంత భక్తిగా కుడికాలు ముందు పెట్టి ఎక్కినా, ఎక్కేది మాత్రం ఎడమ తలుపునుంచే.

తోక దిక్కున రెండు బండ్లు వస్తాయి. ఒకటి తాగునీళ్ల బండి, రెండోది మరుగుదొడ్ల బండి. ఈ రెండూ పక్కపక్కన నిలబడకూడదు, ఒకరే రెండు పనులూ చేయకూడదు. మడి అంటూ మనవాళ్లు ఏవేవో పాటించారు గాని, అసలు పాటించాల్సిన మడి ఇదీ.

ఇంధనం దగ్గర కాస్త ఆగాలి. శంషాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో ఇంధనం నేల కింద గొట్టాల్లో బే దాకా వస్తుంది. నేలలో చిన్న మూత తీసి గొట్టం తగిలించి, ఆ బండి ద్వారా వడపోసి, లెక్కగట్టి రెక్కలోకి ఎక్కిస్తారు. మనిషి ముందుగా చేసే పని మాత్రం గొట్టం తగిలించడం కాదు. బండికీ విమానానికీ మధ్య ఒక తీగ కట్టడం. ఇంధనం గొట్టంలో పారేటప్పుడు పుట్టే, నిప్పురవ్వ రేపగల విద్యుత్తు పేరుకోకుండా ఆ తీగ కాపాడుతుంది. తర్వాత గాజు సీసాలో కొంచెం పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. పసుపుపచ్చని చిన్న బిళ్ల ఉన్న సిరంజిలోకి పీలుస్తాడు. బిళ్ల ఆకుపచ్చగా మారితే ఇంధనంలో నీళ్లున్నట్టు. పైన ఆకాశంలో సున్నా కింద యాభై డిగ్రీల చలి ఉంటుంది. అక్కడ నీటిబొట్టు మంచు ముక్కవుతుంది, గొట్టానికి అడ్డం పడుతుంది.

విమానం తాగేది ఒక రకం కిరోసినే. చౌక డిపోలో లీటరు కొలతలో పోయించుకున్న కిరోసిన్‌కు అన్నగారన్నమాట. అయితే పైలట్‌కు లీటర్లతో పని లేదు, కిలోలతో పని. మా నడిగడ్డ ఎండకు లీటరు కిరోసిన్ వ్యాకోచించి పలచబడుతుంది, చలికాలం చిక్కబడుతుంది. సీసా నిండుగానే కనబడుతుంది, లోపలి సత్తువ మారుతుంది. ఇంజిన్‌కు కావలసింది బరువు. మీటరు చూపేది లీటర్లు, పైలట్ అడిగేది కిలోలు. ఈ రెండింటి మధ్య ఒక గుణకారం ఉంది. ఆ గుణకారం తప్పితే ఏమవుతుందో చెప్తాను.

1983 జులై 23. కెనడాలో ఒక బోయింగ్ 767. ఆ దేశం అప్పుడప్పుడే పౌనుల నుంచి కిలోలకు మారుతోంది. పైగా ఆ విమానంలో ఇంధనం చూపే మీటరు పనిచేయడం లేదు, చేత్తో లెక్కగట్టుకోవాలి. కావలసింది 22,300 కిలోలు. ట్యాంకుల్లో ఉన్నది 7,682 లీటర్లు. లీటరు 0.8 కిలో చొప్పున లెక్కించాలి. వాళ్ల చేతికి వచ్చిన కాగితం మీద 1.77 అని ఉంది. అది లీటరుకు పౌనుల లెక్క. దానితోనే గుణించారు. అందరూ గుణించారు, అందరికీ ఒకటే జవాబు వచ్చింది, అందరిదీ తప్పే. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అడుగంటింది, కాసేపట్లో రెండు ఇంజిన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆ కెప్టెన్‌కు ఇంజిన్ లేని గ్లైడర్లు నడిపిన అలవాటుంది. గద్ద తేలినట్టు తేలించుకుంటూ వచ్చి, గిమ్లీ అనే ఊళ్లో పాత వాయుసేన రన్‌వే మీద దించాడు. ఆ రోజు ఆ రన్‌వే మీద కార్ల పందేలు జరుగుతున్నాయి! లోపలున్న 69 మందీ బతికారు. దించిన వాణ్ని అందరూ మెచ్చుకుంటారు, న్యాయమే. నాకు మాత్రం నేల మీద ఆ కాగితం చుట్టూ నిలబడ్డవాళ్లే కళ్లలో మెదులుతారు. రోజూ చేసే లెక్కే కదా అనుకుని ఉంటారు.

ఇక ప్రదక్షిణ. నిజంగా ప్రదక్షిణే. ఇద్దరు పైలట్లలో ఒకరు కిందికి దిగి విమానం చుట్టూ తిరుగుతారు. ఇంజినీరు కూడా తిరుగుతాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, ఒక రెక్క, తోక, ఇంకో రెక్క, మళ్లీ ముక్కు. రెక్కకు సొట్ట పడిందా, నూనె కారుతోందా, ఇంజిన్ రేకుల మీద పక్షి తగిలిన నెత్తుటి మరక ఉందా చూస్తారు. టైరు వంగి చూస్తారు. లోపల నింపేది మామూలు గాలి కాదు, నైట్రోజన్. దాంట్లో తేమ ఉండదు, అది మంటను రాజేయదు. లారీ టైరుకు రెట్టింపు ఒత్తిడి. బ్రేకు పక్కన ఒక చిన్న మేకు బయటికి పొడుచుకుని ఉంటుంది. బ్రేకు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. మేకు కనబడినంతకాలం బ్రేకు ఉన్నట్టు. ఇంత సులువైన ఏర్పాటు మన ట్రాక్టర్లకు ఎందుకు పెట్టలేదో నాకు తెలియదు. ఎండాకాలం ఆ బ్రేకులు చల్లారడానికే సమయం పడుతుంది. ఎయిర్‌బస్ 320లో అవి 300 డిగ్రీలకు పైన ఉంటే బయల్దేరకూడదు.

ముక్కు పక్కన వేలంత గొట్టాలు కొన్ని ముందుకు చూస్తూ ఉంటాయి. పైలట్ వాటి ముందు ఒక క్షణం ఎక్కువ ఆగుతాడు. గాలి ఆ గొట్టంలోకి దూసుకొచ్చే ఒత్తిడిని బట్టే విమానం వేగం తెలుస్తుంది. మన ఇళ్లలో కుమ్మరి పురుగు సంగతి అందరికీ తెలుసు. వారం రోజులు తాళం వేసి ఊరికి పోయివస్తే తాళం కప్పలో, స్విచ్చుబోర్డు రంధ్రాల్లో, గొళ్లెం సందులో మట్టి పెట్టి మూసేసి ఉంటుంది. పుల్ల పెట్టి గీకి తీస్తాం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో, చాలా రోజులు ఎగరకుండా నేల మీదే ఉన్న ఒక బోయింగ్ 757 లేచింది. ఆ గొట్టాలకు తొడుగులు వేయలేదు. రన్‌వే మీద పరుగెత్తేటప్పుడే కెప్టెన్ ముందున్న వేగం లెక్క సరిగా చూపడం లేదని తేలింది, అయినా లేచారు. దాన్ని నమ్మాలో, పక్కవాడి ముందున్న లెక్కను నమ్మాలో తేల్చుకునేలోపే విమానం సముద్రంలో పడింది. 189 మందిలో ఒక్కరూ మిగల్లేదు. గొట్టం దొరకలేదు గానీ, దర్యాప్తు చేసినవాళ్ల అనుమానం మట్టిగూడు కట్టే ఆ పురుగు మీదికే పోయింది. అదే ఏడు అక్టోబరులో పెరూలో మరో 757. ఒళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోకుండా రంధ్రాలకు అంటించిన టేపు పీకడం మరిచారు. 70 మంది పోయారు. కడిగినవాడు మరిచాడు సరే, తర్వాత చుట్టూ తిరిగి చూసినవాళ్లకూ అది కనబడలేదు. అందుకే ఈ ప్రదక్షిణ చేసేవాడు చూసినట్టు నటిస్తే లాభం లేదు.

మాకు శంషాబాద్ కన్నా దగ్గర్లో ఇంకో విమానాశ్రయం ఉంది. తుంగభద్ర దాటి కర్నూలు, అక్కడి నుంచి నంద్యాల దారిలో ఓర్వకల్లు. 2021 మార్చి 25న ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మూడు రోజులకు, మార్చి 28న, బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు మొదలయ్యాయి. రన్‌వే రెండు కిలోమీటర్లు, అందుకని అక్కడికి వచ్చేది పంకాలున్న చిన్న విమానం, ఏటీఆర్ 72. సుమారు 78 మంది పడతారు.

ఈ ఏటీఆర్ మన ఎద్దులబండికి చుట్టం. జనం ఎక్కేది వెనక తలుపు నుంచి, సామాను ఎక్కువగా పెట్టేది ముందు భాగంలో. జనమంతా ఒక్కసారిగా వెనక గుమిగూడితే, ముందు సామాను లేకపోతే, ముక్కు పైకి లేచి తోక నేలకు కూలబడుతుంది. కాడి విప్పిన బండిలో వెనక చివర నలుగురు ఎక్కితే ఏమవుతుందో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బండి కింద మనం కర్ర ఆనిస్తాం. వీళ్లూ అంతే, తోక కింద ఒక కర్రలాంటి ఊతం నిలబెడతారు. ఎగిరేముందు మరిచిపోకుండా తీసేస్తారు. ఏటీఆర్‌కు తోకలో చిన్న ఇంజిన్ ఉండదు. అందుకని కుడివైపు ఇంజిన్‌ను ఆపకుండా, దాని పంకాకు మాత్రం బ్రేకు వేసి, కరెంటుకూ ఏసీకీ వాడుకుంటారు. పంకా తిరగకుండా ఇంజిన్ తిరిగే ఈ పద్ధతిని 'హోటల్ మోడ్' అంటారు. పేరు ఎవరు పెట్టారో గాని బాగానే పెట్టారు.

సామాను సంగతి. ఒకసారి నేనెక్కిన విమానం తలుపులు వేశాక కూడా కదల్లేదు. ఇరవై నిమిషాలు. అందరం విసుక్కున్నాం, నేను కొంచెం గొంతు పెంచి ఆ ఎయిర్‌హోస్టెస్ అమ్మాయిని అడిగాను కూడా. ఎవరో బ్యాగు ఇచ్చి, విమానం ఎక్కలేదు. ఆ బ్యాగు వెతికి దింపుతున్నారు. మనిషి లేని బ్యాగు ఎగరకూడదు. ఈ నియమం ఇంత గట్టిగా పాటించడం వెనక 1985 జూన్ 23 ఉంది. ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో ఒక బ్యాగు ఎక్కింది, దాని మనిషి ఎక్కలేదు. ఐర్లండ్ తీరాన సముద్రం మీద అది పేలి 329 మంది పోయారు. ఆ సంగతి తెలిసిన తర్వాత ఆ అమ్మాయి మీద గొంతు పెంచినందుకు సిగ్గుపడ్డాను.

అన్నీ అయ్యాక ముందు పెట్టింది చివర తీస్తారు. కేబులు ఊడదీస్తారు, కోన్‌లు తీస్తారు, చాక్స్ లాగుతారు. విమానం తనంతట తాను వెనక్కి పోదు, పొట్టి బలమైన బండి ఒకటి ముక్కుచక్రాన్ని పట్టుకుని వెనక్కి నెడుతుంది. నెట్టేటప్పుడు పైలట్ స్టీరింగు అడ్డం రాకుండా ముక్కుచక్రానికి ఒక పిన్ను పెడతారు. దానికి ఎర్రటి పట్టీ వేలాడుతుంటుంది. నెట్టడం అయ్యాక చెవులకు హెడ్‌సెట్ ఉన్న మనిషి ఆ పిన్ను పీకి, పక్కకు నడిచి, పైలట్‌కు కనబడేలా చెయ్యెత్తి ఎర్రపట్టీ చూపిస్తాడు. పిన్ను నా చేతిలో ఉంది, నీ చక్రంలో లేదు అని. పైలట్ చూసి చెయ్యి ఊపితేనే కదలిక. ఈ అరగంట మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ ఘట్టమే. తీశాను అని నోటితో చెప్తే చాలదు, తీసినది చూపాలి.

ఈసారి మా పిల్లవాడు సంక్రాంతికి వచ్చినప్పుడు నడుముకు బెల్టు కట్టుకుని వచ్చాడు. పాలమూరు కూలీకి బరువెత్తడం కొత్త కాదు, డ్యాములకు తట్టలు మోసిన ప్రాంతం మాది. వాడి కష్టం వేరు. విమానం పొట్టలో సామాను గది ఎత్తు నాలుగడుగులే. నిలబడే వీలు లేదు. మోకాళ్ల మీద కూర్చుని, బెల్టు మీద వచ్చే ప్రతి బ్యాగునూ లోపలికి విసరకుండా తోసి, వరసగా పేర్చి, వల కట్టాలి. లోపల ఏసీ లేదు. మే నెలలో ఆ గది పొయ్యి. ఒకసారి ఎవరిదో ఆవకాయ సీసా పగిలి నూనె బ్యాగులన్నిటికీ పాకిందట. "మన దిక్కు కారమే చిన్నాయనా, వాసనకే తెలిసింది" అని నవ్వాడు.

కాబట్టి అమెరికాకో, దుబాయికో పిల్లలకు మిరపపొడి, పచ్చళ్లు కట్టి పంపే తల్లిదండ్రులకు ఒక్క మనవి. సీసా మూత మీద టేపు చుట్టండి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టండి. పవర్‌బ్యాంకు పెద్ద బ్యాగులో వేయకండి, చేతిసంచీలోనే ఉండాలి, అది నిప్పుతో పని. టికెట్టు మీద ఎంత బరువుకు ఒప్పుకున్నా, ఒక్క బ్యాగులో 32 కిలోలకు మించి కుక్కకండి, రెండుగా కట్టండి. దాన్ని ఎత్తేవాడు మోకాళ్ల మీద ఉంటాడు.